నేను పేరు కొట్టేసిన పిల్లలు

చాలా ఏళ్ళు నేను ఒక తప్పుడు లెక్క వేశాను. వలస వెళ్ళిన పిల్లవాణ్ణి చదువు మానేసినవాడి కింద జమకట్టాను. రాజాం, చీపురుపల్లి, పాలకొండ చుట్టుపక్కల మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో పంతులుగా, హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వెనకబడ్డ పిల్లల్ని బడి వదిలాక కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినవాణ్ణే. పిల్లలంటే ప్రేమ లేక చేసిన పని కాదిది, ఆలోచన లేక చేసిన పని. కానీ నా మనసు మంచిదైనంత మాత్రాన పిల్లలకి జరిగిన నష్టం తగ్గదు. ఇప్పుడు బడుల్లో ఉన్నవాళ్ళు అదే లెక్క వేయకూడదనే ఇది రాస్తున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం, మా ఈ రెండు జిల్లాల్లో వలసకి ఒక క్యాలెండరు ఉంది. ఊడుపులు అయ్యాక కొన్ని కుటుంబాలు కదులుతాయి. కోతలు, నూర్పులు ముగించి, సంక్రాంతి చేసుకుని, కనుమ వెళ్ళిన వారంలో మరికొన్ని కదులుతాయి. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లోనో విజయనగరంలోనో జనరల్ బోగీ ఎక్కి హైదరాబాదు, విజయవాడ, చెన్నై, బెంగళూరు చేరి భవనాల పనుల్లో కుదురుతారు. సముద్రం ఒడ్డు ఊళ్ళ మగవాళ్ళు గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి బోట్లెక్కుతారు. మళ్ళీ ఊరు చూసేది గ్రామదేవత పండక్కో, తొలకరికో. బడి మాత్రం జూన్‌లో తెరుస్తారు, ఏప్రిల్‌లో మూస్తారు. ఈ రెండు క్యాలెండర్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లాడు ఏ నెలలో బడికి దూరమవుతాడో, ఏ నెలలో తిరిగొస్తాడో ఎవరైనా చెప్పగలరు. నేను ఏనాడూ అలా పెట్టి చూడలేదు. ప్రతి జనవరిలోనూ బెంచీలు ఖాళీ అవుతుంటే ఆ పిల్లల మీదా, వాళ్ళ తల్లిదండ్రుల మీదా కోప్పడ్డాను.

2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్ళకి 1015 మంది ఆడవాళ్ళు, విజయనగరంలో 1019 మంది. మగవాళ్ళు పనికోసం ఊళ్ళు వదిలి వెళ్ళడం అందుకొక కారణమని చెబుతారు. అవే లెక్కల్లో విజయనగరం అక్షరాస్యత 59 శాతం లోపే ఉంది. అప్పటి ఆంధ్ర ప్రాంతపు 13 జిల్లాల్లో అదే అట్టడుగు. ఈ అంకెలు స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఎన్నోసార్లు విన్నాను. వాటిలో మా బడి పిల్లలు కూడా ఉన్నారని, వలసనీ చదువునీ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

వలస ఇక్కడ నిన్న మొన్న మొదలైందీ కాదు. మా ముత్తాతల కాలంలో ఉత్తరాంధ్ర జనం రంగం, అంటే బర్మా వెళ్ళారు. రంగూన్ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో అక్కడ తెలుగు రేవు కూలీల మీద దాడులు జరిగి ఎందరో చనిపోయారు. యుద్ధం వచ్చి 1942లో జపాన్ సేనలు బర్మాలోకి దిగితే ఎంతోమంది కాలినడకన అడవులు దాటి తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడ్డ పేటని ఇవాళ్టికీ బర్మా క్యాంపు అనే అంటారు. వాళ్ళకంటే ముందే మారిషస్ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళ మునిమనవలు అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇప్పటికీ తెలుగు ఒక సబ్జెక్టుగా చదువుకుంటున్నారు. సముద్రం దాటి వెళ్ళిన తెలుగు పిల్లలకి ఒక పరాయి దేశం తన బడిలో చోటిచ్చింది. చెన్నై వెళ్ళి తిరిగొచ్చిన మా ఊరి పిల్లకి నేను చోటివ్వలేకపోయాను.

బడిలో నేను చేసే పని ఇదీ. పిల్లాడు వరసగా కొన్నాళ్ళు రాకపోతే హాజరు పట్టీలో అతని పేరు ఎదురుగా లాంగ్ ఆబ్సెంట్ అని ఎర్రసిరాతో రాసేవాణ్ణి. ఇంకొన్నాళ్ళు చూసి పేరు కొట్టేసేవాణ్ణి. పేరుండి పిల్లాడు లేకపోతే తనిఖీలో సంజాయిషీ చెప్పుకోవాలి, మధ్యాహ్న భోజనం లెక్క తేడా వస్తుంది, హాజరు శాతం పడిపోతుంది. పేరు కొట్టేస్తే ఇవన్నీ సర్దుకుంటాయి. రిజిస్టరు శుభ్రంగా ఉండడమే బడి బాగుండడం అనుకున్నాను. కారణం రాయాల్సిన గడిలో ఎప్పుడూ ఒకే మాట రాసేవాణ్ణి: ‘తల్లిదండ్రుల అశ్రద్ధ.’

ఒక దసరా సెలవులు అయిపోయాక ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

‘‘మూడు సదువుతుండగా ఎల్లిపోనాం బాబూ. అక్కడ ఇస్కూల్లో ఏసేం. ఇంక ఈడే ఉంటాం. పిల్లని సేర్చుకోండి.’’

‘‘టీసీ ఏదమ్మా?’’

‘‘తేలేదు బాబూ. పని అయిపోనాదని మేస్త్రీ సెప్పీసరికి రాత్రికి రాత్రి బండెక్కీసేం.’’

‘‘టీసీ లేకుండా ఎలా చేర్చుకుంటాను? వెళ్ళి పట్టుకురా.’’

వెళ్ళి పట్టుకురావడమంటే చెన్నైకి రానూ పోనూ చార్జీలు, దానిమీద పోయిన కూలి. ఆమె ఇంకేమీ అనకుండా పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. కొన్ని వారాల తర్వాత ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకుని మళ్ళీ వస్తే అప్పుడు చేర్చుకున్నాను. వయసు ప్రకారం నాలుగులో ఉండాల్సిన పిల్లని రెండులో కూర్చోబెట్టాను.

ఆ పిల్ల సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది. నిండా తమిళ అక్షరాలు. గుండ్రంగా, గీత దాటకుండా రాసింది. పేజీ పేజీకీ అక్కడి టీచరు పెట్టిన ఎర్ర టిక్కులు. ‘‘ఇది ఇక్కడ పనికిరాదమ్మా’’ అన్నాను. ఎక్కాలు చెప్పమంటే అరవంలో మొదలుపెట్టింది. నాకు అర్థం కాలేదు కాబట్టి ఆ పిల్లకి రాదని తేల్చేశాను. పలక మీద ఒక గుణకారం వేసి ఇచ్చి ఉంటే నిమిషంలో తెలిసిపోయేది. అది కూడా చేయలేదు. ఆ పుస్తకం తీసి సంచిలో పెట్టుకుంది, మళ్ళీ బడిలో తెరవలేదు. తనకంటే చిన్నపిల్లల మధ్య ఆ ఏడాది గడిపి, మరుసటి ఏడు బడికి రావడం మానేసింది. అప్పుడు కూడా ఆ గడిలో తల్లిదండ్రుల అశ్రద్ధ అనే రాశాను. ఆ తల్లి రెండుసార్లు నా గుమ్మం ఎక్కిందని నాకు గుర్తు రాలేదు.

అప్పటికి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. 2009లో పార్లమెంటు చేసింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. మాకు శిక్షణలు ఇచ్చారు, పుస్తకాలూ ఇచ్చారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ బడి హక్కు అన్నంత వరకు గుర్తుపెట్టుకున్నాను. మిగతాది చదవలేదు. నాలుగో సెక్షన్ ప్రకారం పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇచ్చి తోటివాళ్ళతో సమానం చేయాలి. ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు, వాయిదా వేయకూడదు. పదిహేనో సెక్షన్ ప్రకారం అడ్మిషన్ల గడువు దాటాక వచ్చినా కాదనకూడదు. తొమ్మిదో సెక్షన్‌లోనైతే వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత స్థానిక ప్రభుత్వానిదని విడిగా రాసి ఉంది. ఆ తల్లి నన్ను దయ చూపమని అడగలేదు, చట్టంలో ఉన్నదే అడిగింది. చట్టం తెలియని మనిషి ఆమె కాదు, నేను.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఏటా ఆగస్టు 29న మా బడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరిపేవాణ్ణి. ఆయన మా గడ్డ మనిషి, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుక భాష కోసం పోరాడారని పిల్లలకి చెప్పేవాణ్ణి. పర్లాకిమిడిలో పనిచేస్తూ, సవరలకి బడి అందాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలనుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించే బడులు పెట్టించారు. ఆయన కూర్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. పిల్లాడి భాష పంతులుకి రాకపోతే నేర్చుకోవలసింది పంతులు అని ఆయన చేసి చూపించారు. ఆయన పటం కింద కూర్చునే నేను ఆ పిల్ల తమిళ పుస్తకాన్ని పనికిరాదన్నాను.

తల్లిదండ్రుల అశ్రద్ధ అనే మాట కూడా నా అజ్ఞానమే. మా ఊళ్ళో పెద్దపిల్ల ఇంటర్ ఫీజు కోసం అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి చిన్నపిల్లాణ్ణి తీసుకుని పనికి వెళ్ళిన దంపతులున్నారు. ఒక బిడ్డ చదువు నిలబెట్టడానికి రెండో బిడ్డ చదువు మధ్యలో ఆపాల్సొచ్చింది వాళ్ళకి. అక్కడ వాళ్ళు బతికే బతుకేమిటో 2014 జూన్ 28న లోకానికి తెలిసింది. చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మా ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది. పేపర్లో వచ్చిన ఊళ్ళ పేర్లన్నీ తెలిసినవే. స్టాఫ్ రూములో అందరం కన్నీళ్ళు పెట్టుకున్నాం. ఆ రోజైనా నేను రిజిస్టరు తెరిచి, కొట్టేసిన పేర్ల వాళ్ళు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో ఒక్క ఇంటికైనా వెళ్ళి అడగలేదు.

పిల్లల్ని ఇక్కడే వదిలి వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. బిడ్డ రోజూ బడికి వస్తాడు కాబట్టి వాడికి ఏ లోటూ లేదనుకునేవాణ్ణి. ఇంట్లో మామ్మ ఉంటుంది, ఆవిడ వేలిముద్ర వేస్తుంది. పేరెంట్స్ మీటింగుకి ఆవిడే వస్తుంది, వెనక వరసలో కూర్చుని వెళ్ళిపోతుంది. 2018 నవంబరులో వీరావల్ నుంచి వేటకెళ్ళిన మా తీరం మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. ‘తండేల్’ సినిమా వచ్చాక ఆ కథ అందరికీ తెలిసింది. ఏడాదికి పైగా సాగిన ఆ కాలమంతా మత్స్యలేశం లాంటి ఊళ్ళ బడుల్లో ఆ ఇళ్ళ పిల్లలు బెంచీల మీదే కూర్చున్నారు. హాజరు పట్టీ ఎంత చూసినా అలాంటి బిడ్డ మనసు తెలియదు. పక్కన కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

నా కళ్ళు తెరిపించింది వయసులో నాకంటే చాలా చిన్నదైన, బదిలీ మీద మా బడికి వచ్చిన ఒక టీచరమ్మ. సంక్రాంతి సెలవులకి ముందు తరగతిలో ఒక్కొక్కరినీ నిలబెట్టి, ‘‘పండగయ్యాక ఎవరెవరు ఏ ఊరు వెళ్తున్నారు?’’ అని అడిగింది. నేను అడగని ప్రశ్న అది. తండ్రి ఫోను నంబరు, మేస్త్రీ నంబరు, వెళ్ళే ఊరు ఒక పుస్తకంలో రాసుకుంది. వెళ్ళే ప్రతి పిల్లకీ ఒక కాగితం ఇచ్చింది. అందులో పిల్ల ఏ తరగతి, ఏ పాఠం దాకా అయింది, ఏం చదవగలదు, ఏ లెక్కలు వచ్చు, కింద తన ఫోను నంబరు. నా దగ్గరికి తెచ్చి, ‘‘సార్, దీనిమీద సంతకం పెట్టి స్టాంపు వేయండి’’ అంది. ‘‘ఇది మన పని కాదమ్మా, ఇలాంటి ఫారం ఏదీ లేదు’’ అన్నాను. ‘‘ఫారం లేదు సార్, పిల్లలున్నారు కదా’’ అంది. స్టాంపు వేశాను.

ఆ కాగితం పట్టుకెళ్ళిన పిల్లల్లో కొందరు అక్కడ బడిలో చేరారు. జూన్‌లో వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో అదే కాగితం ఉంది. వెనకవైపు వేరే ఊరి బడి స్టాంపు, అక్కడి టీచరు రాసిన నాలుగు ముక్కలు. అందరికీ అలా జరగలేదు. చేరనివాళ్ళతో ఆవిడ ఫోన్లో పాఠాలు చదివించుకుంది. కానీ ఆ ఏడాది మా బడిలో వలస పేరుతో ఒక్క పేరు కూడా కొట్టేయలేదు. ఇంత చిన్న పనిని అన్నేళ్ళపాటు అసాధ్యం అనుకున్నానని అప్పుడు అర్థమైంది.

ఒక టీచరు మంచితనం మీద ఇది నడవకూడదు. మన ప్రభుత్వం, బడి, పిల్లలు వెళ్ళే రాష్ట్రం కలిసి చేయాలి. ఇందులో చాలావాటికి దారి ఇప్పటికే ఉంది. బడుల వివరాలన్నీ నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లకీ ఒక శాశ్వత నంబరు ఉంది. బడి వదిలితే పేరు డ్రాప్ బాక్స్‌లో పడుతుంది, చేర్చుకున్న బడి అక్కణ్ణుంచి తీసుకోవాలి. తీసుకోకపోతే ఆ పేరు అక్కడే ఉండిపోతుంది. డ్రాప్ బాక్స్‌లో ఉన్న ప్రతి వలస పిల్ల ఎక్కడుందో వెతికే బాధ్యత మండలంలో ఒక మనిషికి అప్పజెప్పాలి. ఏ ఇంటికి ఎప్పుడు తాళం పడుతుందో గ్రామ సచివాలయానికి తెలుసు, ఆ సమాచారం బడికి అందాలి. అమెరికాలో పొలం పనులకి ఊరూరా తిరిగే కుటుంబాల పిల్లల కోసం 1966లోనే ఒక పథకం పెట్టారు. ఇప్పుడు అక్కడ పిల్ల ఏ రాష్ట్రానికి వెళ్తే ఆ రాష్ట్రపు బడి చదువు రికార్డు చూసుకోగలదు. మన దగ్గర ఆధార్ ఉంది, సెల్‌ఫోన్లున్నాయి. చేయాలన్న పట్టుదల ఉంటే ఇది కష్టం కాదు.

హాజరు సంగతి కూడా చూడాలి. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం డబ్బిచ్చే పథకాల్లో, నిన్నటి అమ్మ ఒడికి 75 శాతం హాజరు షరతు ఉండేది, ఇవాళ్టి తల్లికి వందనానికీ ఉంది. సగం ఏడాది ఇక్కడ, సగం ఏడాది అక్కడ చదివిన పిల్లకి రెండు బళ్ళ హాజరూ కలిపి లెక్కేయాలి. లేకపోతే ఎక్కువ అవసరమున్న తల్లికే ఆ డబ్బు అందకుండా పోతుంది.

తల్లిదండ్రులు వెళ్ళినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదివే ఏర్పాటు ఇంకొకటి. ఒడిశాలో ఇటుక బట్టీల వలసలు ఎక్కువగా ఉండే నువాపడా, బలంగీర్ జిల్లాల్లో అందుకోసం సీజనల్ హాస్టళ్ళు నడిపారు. మన కర్నూలు జిల్లాలోనూ నడిచాయి. మా రెండు జిల్లాల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలకి సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా ఊరి బడిలోనే రాత్రి బస, రెండు పూటల తిండి, ఊరి ఆడవాళ్ళ కాపలా ఉంటే చాలామంది తల్లులు నిశ్చింతగా వదిలి వెళ్తారు.

వెంట వెళ్ళే పిల్లలకి భాష అడ్డం. తమిళనాడు 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి చేసింది. మన పిల్ల అక్కడ తమిళం నేర్చుకోవాలి, తిరిగొచ్చాక తెలుగు అందుకోవాలి. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 2017లో మొదలైన ‘రోష్ని’ కార్యక్రమంలో వలస పిల్లల మాతృభాష తెలిసిన వాలంటీర్లని బడికి తెచ్చారు. బడి గంటకి ముందే టిఫిన్ పెట్టి, పిల్లల మాటలో మొదలుపెట్టి మలయాళంలోకి తీసుకెళ్ళారు. ఒడిశా నుంచి వచ్చిన బట్టీ కార్మికుల పిల్లలకి మన తెలుగు నేల మీదే ఒడియా పుస్తకాలతో పని స్థలంలో పాఠాలు చెప్పించారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు అచ్చువేసిన రాష్ట్రం మనది. తమిళం–తెలుగు, కన్నడం–తెలుగు చిన్న వాచకాలు రెండు వేయించి, వెళ్ళే పిల్లల చేతుల్లో పెట్టడం మనకి చేతకాని పని కాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వలస కూలీల పిల్లల కోసం ప్రత్యామ్నాయ విద్యా కేంద్రాలు పెట్టాలని చెప్పింది.

నా దగ్గర చదివి, నా ఎర్రసిరా కింద పోయిన పిల్లలకి ఇప్పుడు నేను తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. వాళ్ళలో కొందరు ఇవాళ తల్లులు, తండ్రులు. వాళ్ళ పిల్లలు మీ బళ్ళలో ఉన్నారు. టీచర్లకి ఒక్క మాట చెబుతాను. సంక్రాంతికి ముందు ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో అడగండి. వెళ్ళే పిల్ల చేతికి ఏం వచ్చో రాసి, స్టాంపు వేసి ఒక కాగితం ఇవ్వండి. తిరిగొచ్చిన పిల్ల ఏ నెలలో వచ్చినా, ఏ కాగితం లేకపోయినా ఆ పూటే చేర్చుకుని వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టండి. టీసీ తర్వాత తెప్పించుకోవచ్చు, చట్టం మీ పక్షానే ఉంది. ఆ పిల్ల వేరే భాష పుస్తకం తెస్తే తెరిచి చూడండి, చదివించుకోండి. పేరు మాత్రం కొట్టేయకండి.